కాక్‌టెయిల్ ఆమెది, సగం బిల్లు నాది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్లిలో పీజీ. చేతికి 52,000 వస్తుంది. అందులో పీజీకి 13,000, గుంటూరులో ఇంటికి 12,000, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్‌కి 5,000 పోతాయి. మొన్న నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఇందిరానగర్‌లో కొత్తగా తెరిచిన రెస్టారెంట్‌కి లాక్కెళ్లింది. రీల్స్‌లో ఎక్కడ చూసినా అదే, టేబుల్ దొరకడానికే మూడు వారాలు పట్టింది. బిల్లు 6,950. తను రెండు కాక్‌టెయిల్స్ తాగింది, నేను తాగను. అయినా "సగం సగం" అనేసరికి 3,475 కార్డు గీకేశాను. ఆ నెల కార్డు బిల్లు 24,600 వస్తే మినిమమ్ 1,230 కట్టి ఊరుకున్నా, వడ్డీ నెలకి 3.5 శాతమట. సేవింగ్స్‌లో 50,000 ఉంది కానీ అది అత్యవసరానికని ముట్టుకోలేదు. ఇప్పుడు తను ఇంకో చోట టేబుల్ బుక్ చేస్తానంటోంది. వద్దంటే ఏమనుకుంటుందో అని టెన్షన్. ఇలాంటి వాటికి నెలకి ఎంత పెట్టొచ్చు?

జవాబు: మీరు రెస్టారెంట్ గురించి అడిగారు గానీ నా కన్ను మాత్రం ఆ 1,230 దగ్గరే ఆగిపోయింది. 3,475 ఒక్క రాత్రితో అయిపోయింది, మినిమమ్ కట్టిన బాకీ అలా అయిపోదు. మిగిలిన 23,370 మీద నెలకి 3.5 శాతం అంటే 818, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 147, వెరసి నెలకి 965 రూపాయలు. పైగా బిల్లు మొత్తం కట్టనప్పుడు వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కార్డు గీకిన రోజు నుంచే లెక్క. ఆ తర్వాత కొన్న పాల ప్యాకెట్‌కి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ, మామూలుగా వడ్డీ లేకుండా దొరికే ఆ నలభై యాభై రోజుల వెసులుబాటు బాకీ మొత్తం తీరేదాకా మీకు ఉండదు. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ, రెండున్నర మూడు శాతం ఇచ్చే సేవింగ్స్‌లో 50,000 దాచుకున్నారు. అత్యవసరం అంటే ఆసుపత్రే కానక్కర్లేదు, ఇది కూడా అత్యవసరమే. ఈ రోజే ఆ డబ్బు తీసి కార్డు మొత్తం కట్టేయండి, తర్వాత వచ్చే బిల్లులో ఇంకో చిన్న వడ్డీ ముక్క కనిపిస్తుంది, కంగారు పడకుండా అదీ కట్టండి. నెలకి ఐదు వేల చొప్పున వేసుకుంటే తీసిన సొమ్ము ఐదు నెలల్లో మళ్లీ చేరుతుంది. సిప్ ఆపక్కర్లేదు.

ఇప్పుడు బిల్లు. మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. తిండి, మీ లైమ్ సోడాతో కలిపి, 4,200. కాక్‌టెయిల్స్ రెండు, పన్నులతో 1,900. దాని కింద చిన్న అక్షరాల్లో "ఎస్.సి. 10%" అని 610. ఆ తర్వాత జీఎస్టీ 240. ఈ ఎస్.సి. అంటే సర్వీస్ ఛార్జీ, అది పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. ఇష్టమైతే ఇవ్వాలి, లేకపోతే లేదు. వినియోగదారుల రక్షణ కోసం కేంద్రం పెట్టిన సీసీపీఏ 2022 జులైలోనే దీన్ని బిల్లులో తనంతట తానుగా వేయకూడదని మార్గదర్శకాలిచ్చింది, తిండి బిల్లుకి కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయడమూ కుదరదంది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది, వాళ్లు దానిపైనా అప్పీలు వేశారు. మీ బిల్లులో 4,200కి 5 శాతం జీఎస్టీ అంటే 210 పడాలి, 240 పడింది. ఆ ముప్పై సర్వీస్ ఛార్జీ మీద వేసిందే. డబ్బు కట్టకముందే "ఇది తీసేయండి" అని మామూలుగా అడగండి, చాలా చోట్ల మారు మాట్లాడకుండా తీసేస్తారు. వాళ్లు తీయం అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే వంద అతని చేతిలోనే పెట్టండి, అది వేరే సంగతి.

సర్వీస్ ఛార్జీ తీసేసి, ఎవరిది వాళ్లకి వేస్తే మీ వాటా ఎంతో తెలుసా? తిండిలో సగం 2,100, జీఎస్టీ 105, మొత్తం 2,205. మీరు కట్టింది 3,475. తేడా 1,270. అందులో రూపాయి కూడా మీ నోట్లోకి పోలేదు.

దీనికి మీ ఫ్రెండ్‌ని నేను తప్పు పట్టను. తాగనివాళ్లకి సగం సగం లెక్కలో ఎంత పోతుందో తాగేవాళ్లకి నిజంగా తట్టదు, చెబితే గానీ. బిల్లు వచ్చాక చెబితే పిసినారితనంలా ఉంటుంది, అందుకే టేబుల్ బుక్ చేసేటప్పుడే వాట్సాప్‌లో ఒక్క మాట పడేయండి: "ఏమే, వస్తా, కానీ ఈసారి డ్రింక్స్ ఎవరివి వాళ్లే కట్టుకుందాం, నాకు కార్డు బాకీ ఉంది." బాకీ మాట దాచొద్దు. చాలాసార్లు అవతలివాళ్లు "అబ్బా, నాకూ ఉందే" అంటారు.

ఇక నెలకి ఎంత అంటే, ఇంటివీ పీజీవీ సిప్‌దీ పోగా మీకు మిగిలేది 22,000. సేవింగ్స్ నింపుకునే ఐదు నెలలూ అది 17,000 అనుకోండి. బయట తిండి మొత్తానికి, ఆఫీసు పక్కన సాయంత్రం బజ్జీలతో సహా, 3,000 దాటనివ్వకండి. అందులోంచి 750 విడిగా ఇంకో ఖాతాలో వేస్తూ పోతే మూడు నెలలకి 2,250 అవుతుంది, మీ అసలు వాటా కంటే నలభై ఐదు ఎక్కువ. అంటే మూడు నెలలకొకసారి ఇలాంటి చోటుకి మీరు దర్జాగా వెళ్లొచ్చు, ఆ ఖాతా యూపీఐతోనే కట్టాలి, కార్డు పీజీలోనే వదిలేయాలి. మారతహళ్లి నుంచి రాత్రిపూట క్యాబ్ వేరు, అది మర్చిపోవద్దు.

వెళ్లొద్దని మాత్రం చెప్పను. కొత్త చోట కొత్త రుచి చూడాలనుకోవడం దుబారా కాదు. అయితే తెరిచిన మొదటి నెలలోనే ఎందుకు? మూడు నెలలాగితే టేబుల్ తేలిగ్గా దొరుకుతుంది, వంటవాళ్ల చెయ్యీ కుదురుకుంటుంది. వారం మధ్యలో మధ్యాహ్నం పూట అదే వంటగది తక్కువ ధరకి పెట్టే చోట్లూ ఉన్నాయి. నేనూ ఒకసారి పేరు మోసిన ఒక చోట పెద్ద పళ్లెంలో చిటికెడు తిండికి నాలుగు వేలు వదిలించుకుని, ఇంటికొస్తూ దారిలో బండి దగ్గర ఎగ్ దోసె తిన్నాను, దాని ధర మా ఆవిడకి చెప్పాను గానీ ఆ నాలుగు వేల సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

మీ ఫ్రెండ్ చెప్పిన కొత్త చోటు ఏ తేదీకో రాయలేదు. మూడు నెలల్లోపే అయితే ఈసారికి రెసిడెన్సీ రోడ్డులో ఆంధ్రా భోజనానికి మీరే పిలవండి, అరిటాకు, పప్పు, గోంగూర, నెయ్యి. ఆ బిల్లు ఇద్దరిదీ మీరే కట్టినా ఫర్వాలేదు.