నల్లరేగడిపై తారురోడ్డు: ఇంకొక పొర చాలదు

మిత్రులకు నమస్కారం. గుంటూరు శివారులోని మీ కాలనీ తారురోడ్డు ఏటా ఎండల్లో అంచుల వెంట నెర్రెలిచ్చి, వానల్లో కుంగుతోందని, పైన ఇంకొక పొర వేయిస్తే చాలునా అని అడిగారు. చాలదు. లోపం అడుగునున్న నల్లరేగడిలో ఉంది. అది తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుపోతుంది కనుక, తేమ ఎక్కువగా మారే అంచులే మొదట కదులుతాయి, ఆ నెర్రెల గుండానే తరువాతి వాననీరు కిందికి దిగుతుంది. పాత పొరలు తొలగించి, పునాది మట్టిని పరీక్ష చేయించి, అందులో సున్నం (సాధారణంగా పొడి మట్టి బరువులో 3 నుంచి 5 శాతం) కలిపి, తగిన తేమలో రోలరుతో గట్టిపరచిన తరువాతే కంకర వేయించండి. నడుమ నుంచి అంచులకు 2 నుంచి 2.5 శాతం వాలు ఉండాలి. నిధులు చాలకపోతే, నా అభిప్రాయంలో, కంకర పొరల అడుగు కన్నా లోతుగా ఉండే పక్క కాలువను ముందు తవ్వించడమే మేలు.