సెకండ్ హ్యాండ్ బెంజ్‌కి సిరామిక్ కోటింగ్ వేయించాలా? ముందు పెయింట్ మందం కొలిపించండి

2014 ఈ-క్లాస్ కొన్నానన్నారు. ఎండలోకి తీస్తే బానెట్ నిండా సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయన్నారు. పాలిష్ కొట్టి సిరామిక్ (రంగు మీద రుద్దే పలచటి రక్షణ పూత) వేస్తామని ఒక షాపువాళ్లు, అదంతా దండగ, పీపీఎఫ్ (రంగు మీద అంటించే పారదర్శక ఫిల్మ్) వేయించుకోండని ఇంకో షాపువాళ్లు అంటున్నారట. లక్ష దాకా పెట్టొచ్చా అని మీ ప్రశ్న. నేను తిరిగి ఒకటి అడుగుతాను. మీ కారు మీద పెయింట్ ఇంకా ఎంత మందం మిగిలి ఉందో ఆ రెండు షాపుల్లో ఎవరైనా కొలిచారా? కొలవకుండానే రేటు చెప్పి ఉంటే ఇద్దరికీ ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాదీ అదే బాడీ, డబ్ల్యూ 212 (ఆ తరం ఈ-క్లాస్‌కు కంపెనీ కోడ్). నల్లది, ఆబ్సిడియన్ బ్లాక్, రంగు కోడ్ 197. యార్డులో చూసిన రోజు తళతళా మెరిసిపోతోంది. యార్డుల్లో ఏ బండైనా అలాగే మెరుస్తుంది. రేకుల షెడ్డు నీడలో నిలబెట్టి, నూనె గుణం ఉన్న గ్లేజ్ రుద్ది పెడతారు. ఆ గ్లేజ్ గీతల్లో కూర్చుని వాటిని కప్పేస్తుంది. నాలుగు సార్లు షాంపూ పడితే అసలు సంగతి బయటికి వస్తుంది. అందుకే నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి చిన్న సీసాలో పట్టుకెళ్లాను. బానెట్ మూల తుడిచి ఫోన్ టార్చ్ వేస్తే గీతలన్నీ తేలాయి. అక్కడ యార్డతను ధర కొంత తగ్గించాడు.

ఇంకొంత తగ్గించిన ఘనత మా బాబాయిది. కార్ల సంగతి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ జేబులో వేసుకొచ్చి బానెట్ మీద పెట్టాడు. జారి కింద పడింది. లప్పం, అంటే సొట్టలు పూడ్చే పుట్టీ, మందంగా ఉన్నచోట అయస్కాంతం అంటుకోదు. "ఒరేయ్, ఇదంతా లప్పమేరా, లే పోదాం!" అని యార్డంతా వినిపించేలా అరిచాడు. ఈ బండికి బానెట్ అల్యూమినియంతో చేస్తారు. అయస్కాంతం ఎందుకు అంటుకుంటుంది? ఆ సంగతి యార్డతనికీ తెలిసినట్టు లేదు, నేనూ చెప్పదలచుకోలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కారు రంగంటే ఒక్క పూత కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నింటికీ పైన రంగు లేని క్లియర్ కోట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికి ఇవన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాయి. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే పలచన. మీకు కనిపించే ఆ గీతలు అందులోనే ఉన్నాయి. పాలిష్ అనేది గీతను పూడ్చే పని కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసే పని. ప్రతి రబ్బింగ్‌కీ ఒకటో రెండో మైక్రాన్లు, చెయ్యి మొరటుదైతే ఇంకా ఎక్కువ పోతాయి. పోయినది మళ్లీ రాదు. మీ బండికి పదేళ్లు దాటాయి. ముందు ఓనరు ప్రతి పెళ్లికీ పండక్కీ మిషన్ పెట్టించాడో లేదో మీకు ఎవరు చెబుతారు? మందం కొలిచే మీటరు చెబుతుంది.

హైదరాబాద్‌లో నాచారం వైపు ఒక షెడ్డు. బోర్డు కూడా సరిగ్గా లేదు. అక్కడి కుర్రాడి దగ్గర ఇనుమునూ అల్యూమినియాన్నీ రెండింటినీ చదివే మీటరుంది. చవక మీటర్లు కొన్ని ఇనుము మీదే పనిచేస్తాయి, మన బానెట్ మీద పెడితే ఏమీ చూపవు. ప్లాస్టిక్ బంపర్ల మీద మంచి మీటర్లయినా చాలా వరకు పనిచేయవు. అతను ముందు కారు కడిగాడు. తర్వాత ఐరన్ రిమూవర్ కొడితే చక్రాల దగ్గరా డోర్ల కింది భాగంలోనూ ఊదా రంగు ధారలు కారాయి. బ్రేకుల నుంచి ఎగిరిన ఇనుప పొడి అది. ఆ తర్వాత అంటుకున్న మురికిని లాగేసే క్లే ముద్దతో తడి మీద రుద్దాడు. ఇవన్నీ అయ్యాకే మీటరు తీశాడు.

రూఫ్ మీద 118, 121. "ఇది కంపెనీదన్నా, ఎవ్వడూ ముట్టలేదు," అన్నాడు. కుడి డోర్లు 125 దగ్గర. ఎడమ వెనక డోరుకొచ్చేసరికి 290. అంటే పాత రంగు మీదే మళ్లీ రంగేశారు. దాని పక్కన క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనున్న రేకు) మీద పెడితే 940. అది లప్పం. బాబాయి అయస్కాంతం పెట్టవలసిన చోటు అదీ! ఇక బానెట్. మధ్యలో 86. అంచు మడత దగ్గర 71. కుర్రాడు మీటరు తీసి తన చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. 70. మడతల దగ్గరా అంచుల దగ్గరా మిషన్ ఒత్తిడంతా సన్నటి చోట పడుతుంది కాబట్టి అక్కడే ముందు అరుగుతుంది. "అన్నా, ఇక్కడ కటింగ్ వద్దు. నేనైతే మిషన్ పెట్టను. వేరే ఎవడన్నా పెడతానంటే పెట్టియ్యకు," అన్నాడు. పని వదులుకుని మాట చెప్పేవాడు దొరికాక ఇంకో షాపు నేను చూడలేదు.

ప్రతి ప్యానెల్ రీడింగూ మాస్కింగ్ టేపు ముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి అక్కడే అంటించాడు. కుడి డోరు మీద ఒక అడుగు మేర టేపు కట్టి ముందు అక్కడే ప్రయత్నించాడు. మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో గీతలు కదల్లేదు. మెర్సిడెస్‌వాళ్లు 2003 చివరి నుంచి నానో కణాలు కలిపిన గట్టి క్లియర్ కోట్ వాడటం మొదలుపెట్టారు. ఆ గట్టిదనం గీతలు పడకుండా కొంత కాపాడుతుంది, పడ్డాక తీయడానికి అంతే ఏడిపిస్తుంది. ప్యాడ్ మార్చి, కాంపౌండ్ (అరగదీసే పేస్టు) మార్చి చేస్తే కదిలాయి. అదే ప్యాడ్ ఎడమ వెనక డోరు మీద పెడితే క్షణంలో కోసుకుపోయేది. ఫ్యాక్టరీలో రంగును 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. బయట బూత్‌లో మామూలుగా 60 డిగ్రీలకు మించి కాల్చరు, వైర్లూ ప్లాస్టిక్ భాగాలూ ఉంటాయి కదా. అందుకని మళ్లీ వేసిన రంగు చాలాసార్లు మెత్తగానే ఉంటుంది. ఒకే కారు మీద రెండు రకాల గట్టిదనం! మరి "ఫుల్ బాడీ త్రీ స్టెప్ కరెక్షన్ (గీతలు తీసే పాలిష్), ఇంత ప్యాకేజీ" అని కొలవకుండానే రేటు కట్టేవాడు ఏం లెక్కన కట్టాడో మీరే ఆలోచించండి.

మిషన్‌లోనూ తేడా ఉంది. ఒకే చుట్టు తిరిగే రోటరీ తొందరగా పని కానిస్తుంది, కానీ చేతకాని చేతిలో పడితే వేడెక్కించి, నీడ నీడగా హోలోగ్రామ్ చారలు మిగులుస్తుంది. ఊగుతూ తిరిగే డ్యుయల్ యాక్షన్ మిషన్ నిదానం, కానీ ప్రాణానికి ప్రమాదం లేదు. నల్ల కారు మీద రోటరీ తీసేవాడిని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

నా బానెట్ మీద చివరికి ఫినిషింగ్ పాలిష్ ఒక్కసారి, అంతే. లోతు గీతలు అలాగే ఉన్నాయి, ఉండనీ. మడత దగ్గర క్లియర్ కోట్ పోయి రంగు తేలిన బానెట్ కంటే గీతలున్న బానెట్ నయం. క్లియర్ కోట్ ఒకసారి తెగితే ఎండకు పొరలుగా లేస్తుంది, ఇక రంగేయించడం తప్ప దారి లేదు.

సిరామిక్ సంగతి. షాపులో మీకు 9హెచ్ అని చెప్పి ఉంటారు. వజ్రం 10, ఇది 9 అన్నట్టు మాట్లాడతారు. ఆ 9హెచ్ పెన్సిల్ లెక్క. 6బి నుంచి 9హెచ్ దాకా పెన్సిళ్లు వరుసగా పూత మీద ఒత్తి గీసి చూసే పరీక్ష అది. గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని దానర్థం. ఖనిజాల గట్టిదనం కొలిచే, వజ్రానికి 10 ఇచ్చే మోస్ స్కేలుతో సంబంధమే లేదు. మన హైదరాబాద్ నేలంతా గ్రానైటు, ఆ దుమ్ములో ఉండేది క్వార్ట్జ్ రేణువులు, మోస్ స్కేలు మీద 7. మహా అయితే రెండు మైక్రాన్ల పూత దాన్ని ఆపుతుందా? ఆపదు. నీళ్లు ముత్యాల్లా జారతాయి, మురికి తేలిగ్గా పోతుంది, రంగు లోతుగా కనిపిస్తుంది. అది మంచి గుణమే, దానికి అయిదారు వేలు అడిగితే నేనూ ఇస్తాను. అయిదేళ్ల వారంటీ అంటూ నలభై, యాభై వేలు ఎందుకు? వారంటీ కాగితం వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో ఆరు నెలలకోసారి వాళ్ల దగ్గరే డబ్బు కట్టి వాష్ చేయించుకోవాలని ఉంటుంది, ఒక్కసారి తప్పితే వారంటీ పోయినట్టే. నేను స్ప్రే సీలెంట్ కొని, కడిగినప్పుడల్లా కాస్త కొట్టి తుడుస్తున్నాను. చాలు.

ఇప్పుడు నా కడుపుమంట. రంగును పాడుచేసేది రోడ్డూ ఎండా కంటే ఎక్కువగా మన అపార్ట్‌మెంట్ సెల్లారే. తెల్లవారుజామున ఒకే బకెట్టు, ఒకే గుడ్డ, సెల్లార్‌లోని కార్లన్నీ. పక్క ఫార్చ్యూనర్ మీది ఇసుక నా బెంజ్ మీదికి, నా బెంజ్ మీది దుమ్ము ఎదుటి బలెనో మీదికి. మీరు చెప్పిన ఆ గుండ్రటి గీతలన్నీ అలా వచ్చినవే, పందెం కాస్తాను. పాపం అతన్ని అనడానికి లేదు, మనమిచ్చే డబ్బుకు కారుకో గుడ్డ ఎక్కడ తెస్తాడు? మా దగ్గర తుడిచే అన్నకు నేను నెలనెలా డబ్బిస్తాను, నా బండిని ముట్టుకోకుండా ఉన్నందుకు. మొదట్లో నవ్వాడు. ఇప్పుడు అద్దాలు మాత్రం తుడుస్తాడు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో దీని మీద నన్ను ఆటపట్టించనివాడు లేడు, పట్టించుకోను.

నీళ్లు ఇంకో గొడవ. నిజాంపేట, బాచుపల్లి వైపు బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే ఆరిన ప్రతి చుక్కా తెల్లటి వలయమై కూర్చుంటుంది. కాల్షియం అది. కొత్తగా పడిన మరకైతే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిచి, వెంటనే కడిగేస్తే పోతుంది. వారాల తరబడి వదిలేస్తే రంగులోకి దిగుతుంది, మళ్లీ మిషన్ పెట్టాలి, మళ్లీ మైక్రాన్లు. సిరామిక్ వేయించినా ఈ మరకలు తప్పవు, చుక్కలు ఇంకా గుండ్రంగా నిలబడి ఆరతాయి. వీటన్నింటికంటే నాకు ఒళ్లు మండేది "ఆర్వో వేస్ట్ నీళ్లతో కారు కడగండి, నీళ్లు ఆదా" అనే సలహా. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లలో ఉప్పులు మామూలు నీళ్లకంటే ఎక్కువ ఉంటాయి, మంచి నీళ్లు తీసేయగా మిగిలినవి కదా! వాటితో బాత్రూం కడుక్కోండి. కారుకు చివరి కడుగు ఏసీ పైపు నుంచి కారే నీళ్లతో కానివ్వండి. అవి గాల్లోని తేమ చల్లబడి వచ్చినవి, ఉప్పులు దాదాపు ఉండవు. ఎండాకాలంలో మా బాల్కనీలో రాత్రి బకెట్టు పెడితే పొద్దుటికి సరిపడా వస్తాయి.

దసరాకు ఇంట్లో పెద్దవాళ్లు బానెట్ మీద స్వస్తిక్ పెడతారు. పసుపు మరకకు టెన్షన్ పడొద్దు, పసుపు రంగు ఎండకే వెలిసిపోతుంది. ఎండిన కుంకుమను మర్నాడు పొడి గుడ్డతో గట్టిగా రుద్దుతారే, గీతలు పడేది అక్కడ. ముందు నీళ్లు పోసి నానబెట్టాలి. నేను మా అమ్మతో "అద్దం మీద పెట్టమ్మా, దేవుడికి ఎదురుగా కనిపిస్తుంది" అన్నాను. ఒప్పుకుంది. కొబ్బరికాయ మాత్రం బంపర్‌కు గజం దూరంలోనే కొట్టింది, అది ఆవిడ హక్కు.

పీపీఎఫ్ నిజంగా పనిచేసే వస్తువు. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కల అంచులు దెబ్బతినకుండా వేసిన ఫిల్మ్ నుంచి వచ్చింది ఇది. ఇప్పటి టీపీయూ (సాగే గుణమున్న ఒక ప్లాస్టిక్) ఫిల్మ్ దాదాపు 200 మైక్రాన్ల మందం ఉంటుంది, చిన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే మూసుకుంటాయి, రాయి దెబ్బను కూడా తట్టుకుంటుంది. కానీ ఒళ్లంతా వేయించకండి. మీరు రోజూ అవుటర్ రింగ్ రోడ్డు మీద టిప్పర్ల వెనక తిరిగేవాళ్లయితే ముందు బంపర్, బానెట్, సైడ్ మిర్రర్లు, డోర్ల అంచులు చాలు. మళ్లీ రంగేసిన ప్యానెల్ మీద మాత్రం వద్దు. కొన్నేళ్లకు ఫిల్మ్ పీకినప్పుడు పట్టు సరిగ్గా లేని రంగు దాంతోపాటే ఊడి వస్తుంది. ఏ ప్యానెల్‌కు రంగేశారో ఎలా తెలుస్తుందంటే, మళ్లీ మీటరే.

లక్ష మాటకొస్తే, మంచి చేతిలో కరెక్షన్‌కు పదిహేను, ఇరవై వేలు పెట్టండి. ముందు భాగానికి పీపీఎఫ్ కావాలనుకుంటే అది వేరే లెక్క. మంచి మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బకెట్లు, ఒక షాంపూ మీరే కొనుక్కోండి. మిగిలింది దాచుకోండి, పదేళ్లు దాటిన బెంజ్ ఏదో ఒక నెల అడగకుండా ఉండదు. కారు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద ప్రతి ప్యానెల్ రీడింగూ పనికి ముందొకటి, తర్వాతొకటి రాయమనండి. రాయనంటే తాళాలు తీసుకుని వచ్చేయండి.

రంగు ఏమిటో మీరు చెప్పలేదు. తెలుపో సిల్వరో అయితే నేను రాసినదాంట్లో సగం భయం అక్కర్లేదు, గీతలు మీకు తప్ప ఎవరికీ కనిపించవు. నలుపైతే బానెట్ రీడింగులు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.