టేబుల్ రోజ్ గుత్తుగా పెరగాలంటే ఏ ఎరువు వేయాలి?

మీ ప్రశ్న చదువుతుంటే రెండేళ్ళ కిందటి మా మేడ కళ్ళ ముందుకొచ్చింది. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు కుండీ అంచులు దాటి పూసిన మొక్క, నెల తిరక్కుండానే నాలుగు పొడుగాటి కాడలుగా సాగిపోయిందన్నారు. మధ్యలో బోడిగా మట్టి కనిపిస్తోందని, కాడల చివర్న ఒకటో రెండో పూలు మిగిలాయని, మళ్ళీ చాప పరిచినట్టు రావాలంటే ఏ ఎరువు వేయాలని అడిగారు. ఏ ఎరువూ వద్దండీ. కత్తెర పట్టుకుని మేడ మీదికెళ్ళండి.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే దానికి కారణం మా అత్తమ్మ. ఆ సంగతికి వస్తాను.

ముందు ఒక మాట. ఈ మొక్కకి టేబుల్ రోజ్ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, సగం మొక్కలు ఆ పేరు వల్లే చస్తున్నాయి. టేబుల్ మీద పెడితే బతకని మొక్క ఇది. రోజుకి ఆరు గంటలైనా ఎండ నేరుగా నెత్తిన పడాలి. తెనాలిలో మా అమ్మ నాచుపూలు అనేది, ఆ పేరే నయం. మలయాళీలు పత్తుమణి అంటారు, అంటే పదిగంటల పువ్వు. వియత్నాం వాళ్ళ పేరుకీ అదే అర్థం. హిందీలో మాత్రం నౌ బజియా, తొమ్మిదికే. మా మేడ మీద మే నెలలో ఎనిమిదిన్నరకే విచ్చుకుంటాయి, డిసెంబర్లో పదిన్నరైనా బద్ధకంగా ఉంటాయి, మబ్బు పట్టిందంటే అసలు కళ్ళే తెరవవు. మధ్యాహ్నం దాటితే దుకాణం బంద్. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు ఆదివారం తప్ప పువ్వు మొహం చూడలేరు. అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

ఇందులో రెండు రకాలు దొరుకుతాయి. ఆకులు సన్నగా, సూదుల్లా గుండ్రంగా ఉండేది ఒకటి, దానికి ముద్దపూలు కూడా ఉంటాయి. ఆకులు చపటగా చెంచాల్లా ఉండి, ఐదు రేకుల పూలు పూసేది ఇంకొకటి. నర్సరీల్లో దీన్ని పోర్టులాకా అని అమ్ముతారు. రెండూ మన గంగవాయిలి కూరకి దగ్గరి చుట్టాలే. మా వైపు పాయలకూర అంటాం, మా ఆయన వాళ్ళది కరీంనగర్ జిల్లా కాబట్టి వాళ్ళింట్లో గంగవాయిలి. ఈ చుట్టరికమే నా కొంప ముంచింది.

నేనూ మీలాగే రెండేళ్ళు ఎరువుల వెంట పడ్డాను. అరటి తొక్కల నీళ్ళు, వాడేసిన టీ పొడి, గుడ్డు పెంకుల పొడి... వీడియోల్లో ఎవరేం చెబితే అది పోశాను. వేరుశనగ చెక్క నాలుగు రోజులు నానబెట్టి ఆ నీళ్ళు పోసిన రోజు కింది ఫ్లాటాయన పైకొచ్చి "డ్రైనేజీ లైను పగిలిందాండీ?" అని అడిగారు. ఇంత చేస్తే కాడలు బలిసి ఇంకా పొడుగయ్యాయి, పూలు తగ్గాయి. ఆకు పెంచే ఎరువు ఎక్కువైతే పూలు తగ్గిపోతాయని ఆ వీడియోలో అమ్మాయి చెప్పలేదు. ఆవిడ వెనక కనిపించిన కుండీలు ఆ రోజే నర్సరీ నుంచి దిగాయని నా గట్టి నమ్మకం.

మూడో ఏడు మే నెలలో అత్తమ్మ కంట్లో శుక్లాల ఆపరేషన్‌కి మా ఇంటికొచ్చారు. ఆపరేషన్ ఇంకా నాలుగు రోజులుంది. ఊళ్ళో తెల్లారకుండానే వాకిలూడ్చే మనిషికి ఉప్పల్లో మూడో అంతస్తులో ఏం తోస్తుంది? ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకి మేడెక్కారు. ఏడింటికి నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి, ఆవిడ నేల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కొంగు నిండా ఆకులు. ముందు నా పోర్టులాకా తొట్లు ఆరు, మంగలి దగ్గర్నుంచి వచ్చిన పిల్లల్లా నున్నగా ఉన్నాయి.

"గంగవాయిలి గింత మంచిగ పెంచినవ్ గద బిడ్డా, ఒక్కనాడన్న పప్పుల ఏసినవా? ముదిరిపోతున్నది" అన్నారు.

"అత్తమ్మా, అవి పూల మొక్కలు."

"పూలేడున్నయ్?"

"ఇంకా ఏడే కదా, తొమ్మిదింటికి పూస్తాయి."

"పూలు గూడ టైం జూస్కొని డ్యూటీకొస్తయా ఏంది మీ పట్నంల" అని మళ్ళీ ఇంకో కొస తుంచారు.

ఇందులో ఆవిడ తప్పేముంది? ఆ టైముకి పూలు విచ్చుకోవు, చూపు మసక, ఆకు చూస్తే అచ్చం అదే. పైగా పరీక్ష చేయకుండా కోయలేదు. ప్రతి కొమ్మా తుంచి పాలు కారుతాయేమో చూశారట. అలా నేల మీద పాకే మొక్కల్లో పాలు కారేవి వేరే ఉన్నాయి, అవి తినకూడదు. సూదుల్లాంటి ఆకులున్న టేబుల్ రోజ్ తొట్టి జోలికి మాత్రం పోలేదు. "గది కూర గాదు" అని తేల్చేశారు. ముదురు కాడలన్నీ గిల్లి పక్కనున్న ఖాళీ తొట్టిలో పారేశారు.

పప్పు వండారు. నేను వేపనూనె తప్ప ఏమీ కొట్టలేదు కాబట్టి ఊరుకున్నాను. మీరు మాత్రం నర్సరీ నుంచి తెచ్చిన వాటిని నోట్లో పెట్టకండి, ఏ మందు కొట్టి పంపారో మనకి తెలియదు. మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు. నేను కోపంతో మధ్యాహ్నం తినలేదు, రాత్రి తిన్నాను. పుల్లగా బాగుంది, ఏం చేస్తాం.

ఆ పులుపు గురించి కూడా చెప్పాలి. "పొద్దుగాల్నే తెంపాలె, అప్పుడే పులుపుంటది" అన్నారు అత్తమ్మ. తర్వాత చదివితే తెలిసింది, ఈ జాతి మొక్కలు నీళ్ళు తక్కువైనప్పుడు రాత్రిపూట గాలి పీల్చుకుని, దాన్ని పుల్లటి ఆమ్లంగా ఆకుల్లో దాచుకుంటాయి. తెల్లారాక ఎండలో దాన్ని వాడుకుంటాయి. అంటే తెల్లవారుజామున ఆకు పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి చప్పబడుతుంది. నీళ్ళు లేకుండా బతకడానికి ఇంత ఏర్పాటు చేసుకున్న మొక్కకి మనం రోజూ రెండు పూటలా చెంబులు కుమ్మరిస్తాం. కుళ్ళక ఏం చేస్తుంది?

మళ్ళీ విషయానికొస్తే, ఆపరేషన్ హడావుడిలో పది రోజులు నేను మేడెక్కలేదు. ఎక్కి చూస్తే తుంచిన ప్రతిచోటా, ఆకు కాడని అంటుకునే సందుల్లోంచి, రెండేసి మూడేసి చిగుళ్ళు. అప్పటిదాకా ఒక్క తల ఉన్న కాడకి మూడు తలలు. పువ్వు వచ్చేది తల దగ్గరే కాబట్టి తలలెన్నో పూలన్ని. జూన్ మొదటి వారానికి తొట్టిలో మట్టి కనిపించలేదు. ఇంకా విడ్డూరం, ఖాళీ తొట్టిలో పారేసిన ముదురు కాడలు కూడా అడ్డదిడ్డంగా పడున్నచోటే వేళ్ళూనుకుని లేచాయి. వాటికి ఎవరూ చుక్క నీళ్ళు పోయలేదు. రెండేళ్ళు అరటి తొక్కలు నానబెట్టిన నాకు ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి మీ తొట్టిలో పొడుగాటి కాడల్ని మట్టికి రెండంగుళాలు వదిలి మొత్తం కోసేయండి. పూలున్నా సరే. చేతులు రావు, తెలుసు. కోసిన వాటిని మూడంగుళాల ముక్కలు చేసి, కింది ఆకులు దులిపి, ఆ బోడి జాగాలోనే రెండంగుళాలకొకటి చొప్పున గుచ్చండి. ఒక్కసారి నీళ్ళు చల్లి, మళ్ళీ పైమట్టి పొడిగా అయ్యేదాకా ముట్టుకోవద్దు. ఎండాకాలం వారంలో వేళ్ళొచ్చేస్తాయి. అసలు నర్సరీ వాళ్ళు చేసేది కూడా ఇదే. ఒకసారి కొత్తగా తెచ్చిన కవరు విప్పి చూశాను, ఒక మొక్క అనుకున్నది లెక్కపెడితే పద్నాలుగు కొమ్మలు. మనం ఒక్క కొమ్మ గుచ్చి, అది తొట్టంతా ఎందుకు నిండలేదని ఏడుస్తాం.

మట్టి సంగతి క్లుప్తంగా: సగం ఎర్రమట్టి, పావు ఇసుక, పావు వర్మీకంపోస్టు. లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి, అడుగున బెజ్జాలు తప్పనిసరి. వానాకాలం దీనికి గండం. మొదటి వానకి ముందే ప్రతి రంగుదీ నాలుగు కొమ్మలు చిన్న కప్పుల్లో గుచ్చి సన్‌షేడ్ కింద, ఎండ తగిలేచోట పెట్టుకోండి. పెద్ద తొట్టి కుళ్ళినా విత్తు మిగులుతుంది. కాడ మొదట్లో నీరుకారినట్టు మెత్తబడితే ఆ మొక్కని బతికించాలని చూడొద్దు, పైన గట్టిగా ఉన్న ముక్క కోసి వేరేచోట గుచ్చండి.

విత్తనాలు కొనకండి అని నా సలహా. ఒక పాకెట్ మీద ఏడు రంగుల బొమ్మ ఉంది, మొలిచినవన్నీ గులాబీ రంగే. అయినా సరదాగా ఉంటే మీ మొక్క కాయలే చూస్తుండండి. పండినప్పుడు కాయకి పైమూత కుంకుమ భరిణ మూతలా ఊడొస్తుంది, లోపల గసగసాలంత గింజలుంటాయి. మట్టి కప్పకుండా పైన చల్లాలి, వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. ముద్దపూల రకాలకి గింజలు తక్కువ, వాటికి కొమ్మే దిక్కు.

అత్తమ్మ ఇప్పుడు రెండు కళ్ళతో బాగా చూస్తున్నారు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు పదకొండింటికి మేడెక్కించి పూలు చూపించాను. నారింజ, పసుపు, రాణీ రంగు, అన్నీ విచ్చుకుని ఉన్నాయి. కాసేపు చూసి, "మంచిగనే ఉన్నయ్ గని, గీ ఆకు ముదిరింది బిడ్డా" అన్నారు. ఆ రోజు నుంచి మూడు వారాలకోసారి ఒక తొట్టి కోస్తున్నాను, పప్పులోకి కొంత, గుచ్చడానికి కొంత.

మీరు ఉప్పల్ చుట్టుపక్కల ఉంటే చెప్పండి, కొమ్మలిస్తాను. తెల్లది మాత్రం అడగొద్దు, అదొక్క తొట్టే ఉంది.