డూప్లికేటా, ఒరిజినలా అన్నది కాదు: ఆ పార్టులు ఎంచింది ఎవరు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. నాన్నగారి పేరున ఉన్న టర్బో పెట్రోల్ కారుని 2023లో హైదరాబాద్‌లో ఒక ట్యూనింగ్ గ్యారేజీలో మోడిఫై చేయించాను. 'రోజూ తిరిగే బండి, 180 హార్స్‌పవర్ సేఫ్‌గా కావాలి, ఏ పార్టులు వేయాలో మీరే చెప్పండి' అని వాట్సాప్‌లో అడిగితే ఓనరు లిస్టు పంపాడు. పెద్ద టర్బో, ఫోర్జ్‌డ్ కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్లని క్రాంక్ అనే ఇరుసుకి కలిపే కడ్డీలు), ఇంజెక్టర్లు తనే తెప్పించి వేశాడు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు మాత్రం తక్కువకి వస్తున్నాయని నేనే ఆన్‌లైన్‌లో కొనిచ్చాను. నవంబరు 24న కారు చేతికిచ్చారు. 2024 కనుమ నాడు భీమవరం నుంచి వస్తుంటే రాడ్ విరిగి బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చేసింది. గ్యారేజీకి 3 లక్షల 42 వేలు, పిస్టన్లకి 78 వేలు, అన్నీ పోయాయి. 'చూద్దాం తమ్ముడూ, చేసిస్తాను' అంటూ అప్పటినుంచీ తిప్పుతున్నాడు. ఆ రాడ్లు డూప్లికేట్ అని నా అనుమానం, ఎలా రుజువు చేయాలి? నాన్నగారు నాతో మాట్లాడటమే మానేశారు. మొన్న మొంథా తుఫానుకి ఊళ్లోకి నీళ్లొచ్చాయి కాబట్టి, కారు మునిగి ఇంజిన్ పోయిందని ఇన్సూరెన్సుకి పెట్టేయమని ఫ్రెండు అంటున్నాడు, పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లకి ఇంజిన్ పాడైతే డబ్బిచ్చే అదనపు కవరు) కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బాబూ, మీ ఉత్తరాన్ని పైన కుదించి వేశాం, మీరు రాసిన మిగతా వివరాలు జవాబులోనే ప్రస్తావిస్తాను. రాడ్లు డూప్లికేట్ అన్న మాట పట్టుకుని ఇన్నాళ్లూ కూర్చున్నారు. అది రుజువు కాకపోయినా మీ కేసు నిలబడొచ్చు, రుజువైనా పడిపోవచ్చు. కేసుని తేల్చేది మీరు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక్క వాక్యం. 'ఏ పార్టులు వేయాలో మీరే చెప్పండి' అని అడిగారు, అతను లిస్టు పంపాడు. మీ చేతిలో ఉన్న బలమంతా అదే.

ఎందుకంటే, వస్తువు కొనేటప్పుడు మంచీ చెడూ చూసుకోవాల్సింది కొనేవాడే అని మన వస్తు విక్రయ చట్టం 1930 మొదట్లో అనుకుంటుంది. కానీ ఫలానా పనికి కావాలని అమ్మేవాడికి తెలియజెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ వ్యాపారమే చేసేవాడు ఇచ్చిన సరుకు ఆ పనికి తగినట్టు ఉండి తీరాలని సెక్షన్ 16 చెబుతుంది. మీరు పని చెప్పారు (రోజూ తిరిగే బండి), కొలత చెప్పారు (180), ఎంపిక అతనికి వదిలారు. ఇక రాడ్లు అసలువైనా నకిలీవైనా, ఆ బలానికి ఆ రాడ్లు, ఆ బోల్టులు, ఆ ట్యూనింగ్ తట్టుకోలేదంటే జవాబు చెప్పాల్సింది అతనే. పార్టులు అమ్మడంతో ఆగలేదు, తనే బిగించాడు, తనే ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మ్యాప్ (పెట్రోలు, స్పార్కు లెక్కల ప్రోగ్రాం) ఎక్కించాడు. కాబట్టి వినియోగదారుల చట్టం కింద సరుకులో లోపం, సేవలో లోపం రెండూ అడగొచ్చు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. అదే సెక్షన్ 16లో ఒక మెలిక ఉంది: ఫలానా బ్రాండు, ఫలానా పేరు గల వస్తువే కావాలని కొనేవాడే ఎంచి కొంటే, పనికొస్తుందన్న పూచీ అమ్మినవాడి మీద ఉండదు. మీ పిస్టన్లు సరిగ్గా అందులోకే వస్తాయి. అనుభవం ఉన్నవాడు లిస్టు రాసిచ్చాక, నాలుగు డబ్బులు మిగులుతాయని అందులో ఒక ముఖ్యమైన పార్టుని తెంపి మీరే తెచ్చుకోవడం ఏమిటి? ఆ 78 వేలు పోయినదానికంటే, అవతలివాడి వకీలు నోటికి మీరే అందించిన మాట ఎక్కువ నష్టం: 'కస్టమర్ తెచ్చిన పిస్టన్ల వల్లే ఇంజిన్ పోయింది.' మొదటి రోజే అది వినబడుతుంది, రాసుకోండి.

దానికి జవాబు లేకపోలేదు. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి కంపెనీ పిస్టన్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుకే బోరుకీ దానికీ మధ్య సందు ఎక్కువ వదలాలి. టర్బో బండిలో పిస్టన్ పై రింగు కొసల మధ్య గ్యాపు కూడా పెరిగేలా ఆకురాయితో అరగదీయాలి, లేదంటే వేడికి రింగు కొసలు ఒకదాన్నొకటి తన్నుకుని పిస్టన్ గాడి అంచు విరుగుతుంది. పిస్టన్ ఎవరు తెచ్చినా ఈ కొలతలు తీయాల్సింది బిగించేవాడు. అవి బాగాలేకపోతే 'ఇవి వేయను' అనాలి, వేస్తే బాధ్యత తీసుకోవాలి. అతను మీకు రాతలో హెచ్చరించాడా? జాబ్ కార్డు మీద 'కస్టమర్ తెచ్చిన పార్టులకి గ్యారంటీ లేదు' అని ఉండి, మీరు చదవకుండా సంతకం పెట్టారా? కారు దింపిన రోజు 'ఏదో కాగితం మీద సంతకం చేయించుకున్నారు' అని రాశారు. ఆ కాగితం కాపీ అడిగి తీసుకోలేదు! మూడు లక్షల పనికి ఇంత నిర్లక్ష్యం పనికిరాదు. ఫొటో ఉందేమో ఫోన్‌లో వెతకండి.

ఇక సాక్ష్యం. ఇంజిన్ షెడ్డులో టార్పాలిన్ కింద ఉందన్నారు, అది మంచిదే. కానీ లోకల్ మెకానిక్ సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, విరిగిన ముక్కలు ఏరి, రాడ్ బోల్టులు తుక్కు డబ్బాలో పడేశాడన్నారు చూడండి, ఆ చోట గుండె ఆగినంత పనైంది. రాడ్ విరిగిన కేసులో మాట్లాడేది ఆ బోల్టులే. ఈరోజే వెళ్లి ఆ డబ్బా కిందికి కుమ్మరించి వెతకండి. బోల్టు సాగి నడుము దగ్గర సన్నబడి తెగితే బిగింపులోనో బోల్టులోనో తప్పుందని ఒక దారి దొరుకుతుంది. బేరింగ్ షెల్ నీలంగా, నల్లగా మాడి క్రాంక్‌కి అతుక్కుపోయి ఉంటే ఆయిల్ అందలేదని అర్థం, అప్పుడు ఆయిల్ ఎప్పుడు మార్చారు, లెవెల్ ఎంత ఉంది అని మిమ్మల్నే అడుగుతారు. పిస్టన్ తల మీద ఇసుకతో గీకినట్టు గుంటలు పడి గాడి అంచు ముక్కలైతే నాకింగ్ (పెట్రోలు వేళ తప్పి పేలడం) అయిందని, అంటే మ్యాప్‌లోనో పెట్రోలు సరఫరాలోనో లోపమని చూపించొచ్చు. ఒక్కో గుర్తు ఒక్కొక్కరి వైపు వేలు చూపిస్తుంది. అందుకే ఏది మీకు అనుకూలమో ముందే తేల్చుకోకుండా అన్నీ దాచండి.

దాచడం అంటే డబ్బాలో వేసి మూత పెట్టడం కాదు. సముద్రం పక్క గాలి, ఆయిల్ లేని ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, విరిగిన ముఖం మీద తుప్పు పడితే అది ఎలా విరిగిందో చూసి చెప్పడం కష్టం. వైర్ బ్రష్ పెట్టకండి, రెండు ముక్కలూ కలిసి సరిపోతాయేమో అని ఆనించి చూడకండి. ఉన్నదున్నట్టు ఫొటోలు, వీడియో తీసి, పల్చగా ఆయిల్ పట్టించి, ఒక్కో ముక్కా విడిగా కవర్లో పెట్టి, మీకు బంధువులు కాని ఇద్దరి సంతకాలతో సీలు చేయండి. మిగతా ఇంజిన్ ఎవరితోనూ విప్పించొద్దు. ఆ గ్యారేజీ అతను 'ఈసీయూ పంపు తమ్ముడూ, ఫ్రీగా కొత్త మ్యాప్ వేసిస్తా' అన్నాడట కదా, చచ్చినా పంపకండి. అతను ఎక్కించిన మ్యాప్ అందులోనే ఉంది, మార్చేస్తే అతని తప్పు మీ చేతులతోనే తుడిచేసినట్టు.

వాట్సాప్ చాట్ ఉన్న పాత ఫోన్ డిస్‌ప్లే పగిలి చెల్లెలికిచ్చేశారట. తెచ్చుకోండి, ఫార్మాట్ చేయించొద్దు, డిస్‌ప్లే మాత్రం మార్పించండి. స్క్రీన్‌షాట్లు చాలవు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ కావాలి, అందులో ఏ పరికరం, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంఖ్య) ఎంత అనేవి రాయాలి, మీ సంతకంతో పాటు నిపుణుడి సంతకమూ ఉండాలి. వినియోగదారుల కమిషన్ సివిల్ కోర్టంత పట్టింపుగా చూడకపోవచ్చు గానీ, మీ కేసంతా ఆ ఒక్క చాట్ మీద ఉన్నప్పుడు సందు వదలకూడదు. యూపీఐ చెల్లింపులకి బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. ఇంకోటి, ఇంజిన్ రెడ్‌లైన్ దాకా లాగుతూ ఇన్‌స్టాలో పెట్టిన రీల్స్ ఇప్పుడు డిలీట్ చేయాలనిపిస్తుంది. చేయొద్దు. అవతలివాళ్లు ఎప్పుడో దాచుకుని ఉంటారు, మీరు తుడిస్తే సాక్ష్యం మాయం చేశారన్న కొత్త తలనొప్పి వస్తుంది.

ఇప్పుడు గడువు. ఇక్కడే మీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ఇంజిన్ ఆగిన రోజు నుంచి లెక్కేస్తే 2026 జనవరి 16 దాకా ఉందని మీరు నిబ్బరంగా ఉండొచ్చు. అవతలి వకీలు కారు అప్పగించిన రోజు నుంచి లెక్కేయమంటాడు. అలా చూస్తే 2025 నవంబరు 24తో అయిపోతుంది. లోపం బయటపడ్డ రోజే లెక్క అని నేనైతే గట్టిగా వాదిస్తాను, కానీ ఆ వాదన అవసరమే రాకుండా చేసుకోవడం తెలివి. 23 ఆదివారం, 24 సోమవారం, కాబట్టి 21 శుక్రవారంలోగా ఫిర్యాదు వేసేయండి. 'చేసిస్తాను తమ్ముడూ' అన్న మాటకి గడువు ఆగదు, లాయర్ నోటీసు ఇచ్చినా ఆగదు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి క్షమించమని అడగొచ్చు గానీ, ఓనరు మాటలు నమ్మి కూర్చున్నాను అన్నది తగిన కారణమని ఒప్పించడం చాలా కష్టం.

తుఫాను క్లెయిమ్ సంగతి. ఆ ఫ్రెండు మీ మేలు కోరేవాడే కావచ్చు, ఇచ్చింది మాత్రం జైలు సలహా. పాలసీ ఎవరి పేరున ఉంది? నాన్నగారి పేరున. క్లెయిమ్ ఫారం మీద సంతకం ఎవరిది? ఆయనదే. రేపు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద మోసం కేసు పెడితే మొదటి ముద్దాయి మీ నాన్నగారు, శిక్ష ఏడేళ్ల దాకా. డబ్బు చేతికి రాకముందే పట్టుబడినా ప్రయత్నం కూడా నేరమే. సర్వేయరు ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తాడు, ఆయిల్ పాలలా మారిందా అని చూస్తాడు, సీట్ల కింద నీటి గీత వెతుకుతాడు, బ్లాకుకి పడ్డ బొక్క అంచున ఇరవై నెలలు దాటిన పాత తుప్పు కనబడుతుంది. 2024 జనవరిలో బండిని లాక్కొచ్చిన క్రేన్ వాడి రసీదు కూడా ఉంది. వీటన్నిటికీ మించి, ఇంజిన్ 2025 అక్టోబరు 28 తుఫానులో పోయిందని నాన్నగారి సంతకంతో మీరే చెప్పాక, 2024 కనుమకే పోయిందన్న మీ అసలు కేసుకి ఆ సంతకమే గోరీ కడుతుంది. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. పోనీ నిజం చెప్పి క్లెయిమ్ చేద్దామన్నా, యాంత్రికంగా పాడైన దానికి మామూలు వాహన పాలసీ డబ్బివ్వదు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, అవతలివాళ్లు తప్పకుండా ఎత్తుతారు. ఆర్‌సీలోని వివరాలకీ తయారీదారు ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు, అవి పడేది యజమాని మీద, అంటే మళ్లీ నాన్నగారి మీదే. సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే పరికరం) కూడా తీయించి ఉంటే పొల్యూషన్ నిబంధనలూ తగులుతాయి. అందుకని ఫిర్యాదులో 'మళ్లీ 180 హార్స్‌పవర్ వచ్చేలా చేయించండి' అని అడగకండి, ఏ కమిషనూ ఆ ఆర్డరు ఇవ్వదు. పార్టుల డబ్బు, కూలీ, క్రేన్ ఖర్చు, ఇంజిన్‌ని కంపెనీ స్థితికి తేవడానికయ్యే ఖర్చు, మానసిక వేదనకి పరిహారం, కోర్టు ఖర్చులు, ఇంతవరకే. చేసిన పనిని దాచొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇదే పని చేసి డబ్బులు తీసుకున్నవాడు, పని చెడ్డాక 'ఇది చట్టవిరుద్ధం' అంటూ తప్పించుకోవడం సబబు కాదనే మన వాదన. నెగ్గుతామనే నా నమ్మకం, ఖాయమని మాత్రం మాటివ్వను.

పాతిక లక్షలకి ప్రోడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం) కేసు వేయమని ఇంకెవరో చెప్పారట. వద్దు. వినియోగదారుల రక్షణ చట్టంలోని ఆ అధ్యాయంలో వస్తువుకే జరిగిన నష్టం లెక్కలోకి రాదు, మార్పులు చేసిన వస్తువు మీద అమ్మకందారుని నిలదీయడమూ కుదరదు.

హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేయొచ్చని అదే చట్టం సెక్షన్ 34 అవకాశం ఇచ్చింది, కాబట్టి మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. బిల్లు మీ పేరున, ఆర్‌సీ నాన్నగారి పేరున ఉన్నాయి గనక ఇద్దరూ ఫిర్యాదుదారులుగా సంతకాలు పెట్టాలి, అఫిడవిట్లు ఇద్దరివీ కావాలి. ఫిర్యాదుతో పాటే ఇంకో దరఖాస్తు పెట్టి, సీలు చేసిన ముక్కల్నీ ఈసీయూనీ సెక్షన్ 38(2)(సి) కింద పరీక్షకి పంపమని అడగండి. ల్యాబ్ ఖర్చు ముందు మీరే కట్టాలి, రిపోర్టుకి 45 రోజులు గడువు ఇస్తారు. అవతలివాళ్లు జవాబు వేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ తర్వాత వేసినా తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

పిస్టన్ల 78 వేలు ఫిర్యాదులో విడి పద్దుగా రాయండి. మొత్తంలో కలిపేస్తే, ఆ ఒక్కటి కొట్టేసే ఊపులో మిగతాదీ అనుమానంలో పడుతుంది. ఆన్‌లైన్‌లో అమ్మినవాణ్ని రెండో ప్రతివాదిగా చేర్చండి. పెట్టె మీది బ్రాండు ఒకటి, లోపలి సరుకు ఇంకొకటి అని పరీక్షలో తేలితే, వర్ణించిన సరుకే ఇవ్వాలన్న వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 అతనికి వర్తిస్తుంది. పెట్టె పారేయలేదు కదా?