అడవి జంతువుల జబ్బుల మీద పరిశోధన అంటున్నారా? ముందు గేదెల పాకలోకి వెళ్లండి

మైక్రోబయాలజీ చదువుతున్నాను, అడవి జంతువులకీ పశువులకీ మనుషులకీ వచ్చే బ్యాక్టీరియా జబ్బుల మీద పని చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను పశువైద్యం చదివి పీజీలో బ్రూసెల్లోసిస్ మీద పని చేశాను, అంటే పశువుల్లో చూడి పోగొట్టే, మనుషులకీ అంటుకునే బ్యాక్టీరియా జబ్బు. నన్నడిగితే దుప్పులూ జింకలూ తర్వాత.

సర్వేకి వెళ్లిన కొత్తలో "మీ గేదెలకి బ్రూసెల్లోసిస్ ఉందా" అని అడిగితే అందరూ తెల్లమొహం వేశారు. "ఈ రెండేళ్లలో ఎన్ని ఈసుకుపోయాయి" (నెలలు నిండకుండా చూడి పోవడం) అన్నాక వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. చూడి ఆరేడు నెలలు దాటాక ఈసుకుపోయి, మాయ కూడా పడలేదంటే మొదట అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. ఆ పిండాన్ని ఎక్కడ పడేశారో కూడా అడగండి, ఊరి చివర పడేస్తే దాన్ని ఈడ్చుకెళ్లేది కుక్కలూ నక్కలే కదా.

ఈ జబ్బుని రక్తంలో పట్టే రోజ్ బెంగాల్ పరీక్ష తేలికే. ఒక చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ఒక చుక్క యాంటిజెన్ (చంపిన బ్రూసెల్లా బ్యాక్టీరియా ఉన్న ద్రవం) కలిపి నాలుగు నిమిషాలు ఊపితే గడ్డలు కడుతుందో లేదో కనిపిస్తుంది, కడితే పాజిటివ్. కానీ ఈ జబ్బుకే వేసే ఎస్19 టీకా పడిన పశువుకీ పాజిటివ్ రావచ్చు. ఈ టీకాను 4 నుంచి 8 నెలల వయసున్న ఆడదూడలకి వేస్తారు, 2019లో మొదలైన కేంద్ర పథకంలో ఇదీ ఉంది. నేను టీకా సంగతి రాసుకోకుండా తెచ్చిన మొదటి నలభై శాంపిళ్లను మా గైడు పక్కన పెట్టించారు. అంత ఎండలో తిరిగింది వృథా.

ఇంకో తప్పు దీనికంటే పెద్దది. ఒక రైతు మాయ తీస్తుంటే గ్లవ్స్ లేకుండా చెయ్యి వేశాను. మూడు వారాలకి సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒళ్లంతా చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అనుకుని మందులు వాడాను, గేదెల పని చేస్తున్నానని డాక్టరుకి నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు. చివరికి అదీ బ్రూసెల్లోసిస్సే అని తేలి ఆరు వారాలు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్స్ మింగాను. కల్చర్ (శాంపిల్ నుంచి బ్యాక్టీరియాని పెంచడం) మాత్రం మామూలు కాలేజీ ల్యాబులో చేయకండి, ల్యాబు మనుషులకి తేలిగ్గా అంటుకునే బ్యాక్టీరియా ఇది.

అడవి వైపు అంటారా, అమెరికాలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోని బైసన్లకి (అక్కడి అడవి దున్నలు) ఇది పెంపుడు పశువుల నుంచే వచ్చింది, 1917లో అక్కడ బయటపడింది. ఇప్పుడు అక్కడి పశువుల రైతులే అడవి మందల్ని చూసి భయపడుతున్నారు. మన దగ్గర అడవి జంతువుల్ని పట్టి రక్తం తీయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ఆ అప్లికేషన్ ఇచ్చిన రోజే పాకల చుట్టూ తిరగడం మొదలుపెట్టండి, ఫైలు కదిలేలోపు సగం శాంపిళ్లు అయిపోతాయి.