అమెరికా కాలేజీ దరఖాస్తులో మనం ఏ గడి నింపాలి?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో పన్నెండో తరగతి. కాలేజీ అడ్మిషన్లలో భారతీయులను 'తక్కువ ప్రాతినిధ్యం ఉన్న మైనారిటీ'గా లెక్కిస్తారా?

జవాబు: సాధారణంగా లెక్కించరు. ఆ మాట నల్లజాతివారికి, హిస్పానిక్ లేదా లాటినో మూలాలవారికి, అమెరికా, అలాస్కా ఆదివాసులకు వర్తిస్తుంది. హవాయి, పసిఫిక్ దీవుల మూలవాసులను కొన్ని సంస్థలు చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఇక్కడ చూసేది తలల లెక్క కాదు, జనాభాలో ఉన్న వాటాతో పోలిస్తే చదువుల్లో వాటా తగ్గిందా లేదా అని. పేరున్న కాలేజీల్లో ఆసియన్ల వాటా ఎక్కువ, అందుకే వారు ఈ జాబితాలో ఉండరు.

దరఖాస్తులో జాతి గురించి అడిగే ప్రశ్న దగ్గర మీ అమ్మాయి 'ఆసియన్' అని, దాని కింద 'ఇండియా' అని ఎంచుకోవాలి. 'అమెరికన్ ఇండియన్' గడి అక్కడి ఆదివాసులది. మన పిల్లలు తొందరలో దాన్ని నొక్కేస్తుంటారు. పంపేశాక గమనిస్తే ప్రతి కాలేజీ అడ్మిషన్ల ఆఫీసుకూ వెంటనే మెయిల్ రాసి సరిచేయించండి. ఆ ప్రశ్న ఐచ్ఛికమే, ఖాళీగా వదిలినా తప్పులేదు.

2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి సీటివ్వడం చెల్లదని తేల్చింది. కాబట్టి గడి గురించి బెంగపడకండి. వ్యాసంలో మాత్రం తన నేపథ్యం గురించి రాయవచ్చు. 'నేను భారతీయురాలిని' అంటే చాలదు. తాతయ్యకు ఆస్పత్రిలో దుబాసీగా నిలబడి ఉంటే ఆ పనిని, అందులో నేర్చుకున్నదాన్ని రాయాలి.