నాన్నగారికి ఈబస్ పరీక్ష ఎందుకంటే

తమ్ముడూ, పెట్ స్కాన్‌లో (చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనిపించే స్కాన్) నాన్నగారి ఊపిరితిత్తిలో చిన్న కణితితో పాటు ఛాతీ మధ్యలో లింఫు గ్రంథులు కూడా వెలిగాయని, ఆపరేషన్‌కి ముందు ఈబస్ (శ్వాసనాళంలోంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ ఆ గ్రంథుల్లోంచి సూదితో నమూనా తీసే పరీక్ష) అవసరమా అని అడిగారు. తప్పకుండా చేయించండి. గ్రంథి వెలిగినంత మాత్రాన క్యాన్సర్ పాకినట్టు కాదు. టీబీ ఉన్నా అలాగే వెలుగుతుంది, మన దేశంలో టీబీ తక్కువేం కాదు కదా. సూదితో నమూనా తీసి చూస్తేనే తేలుతుంది. గ్రంథుల్లో ఏమీ లేకపోతే ఆపరేషన్ దారి సుగమం. కణితి ఉన్న వైపే ఛాతీ మధ్య గ్రంథుల్లో క్యాన్సర్ దొరికితే స్టేజీ పెరుగుతుంది, అప్పుడు ముందు మందుల గురించి ఆలోచిస్తారు. అవతలి వైపు దొరికితే మామూలుగా ఆపరేషన్ చెయ్యరు.

మా పెదనాన్నకి చేశారు. కోత లేదు, కుట్టు లేదు. మత్తిచ్చి నోట్లోంచి గొట్టం శ్వాసనాళంలోకి పంపారు, దాని కొసనే అల్ట్రాసౌండ్ ఉంటుంది. డాక్టరుగారు తర్వాత ఫొటో చూపించారు: చింతగింజంత నల్లటి గ్రంథి, అందులోకి దిగిన సూది తెల్లటి గీతలా.

శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్తున్నారు కాబట్టి ముందు రోజే ఆమదాలవలసలో రైలెక్కేయండి, పరగడుపున ప్రయాణం పెద్దాయనకి కష్టం. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఇప్పుడే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. నమూనాని టీబీ పరీక్షకీ పంపమనండి. ఫలితం నెగెటివ్ వచ్చినా డాక్టరుకి అనుమానం గట్టిగా ఉంటే మెడ కింద చిన్న కోతతో మీడియాస్టినోస్కోపీ (ఛాతీ మధ్య గ్రంథుల్ని నేరుగా చూసి నమూనా తీసే పరీక్ష) చేద్దామంటారు, ఒప్పుకోండి. ఒకట్రెండు రోజులు కఫంలో రక్తపు చార కనిపిస్తే టెన్షన్ పడకండి. ఎక్కువగా పడినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.